జూనో ఆగిన చోట

నాగమల్లేశ్వరి ఈ లోకంలో ఆఖరుగా తిట్టింది ఒక చెత్తడబ్బాని.

ఆ రోజు గురువారం. మర్నాడు చెత్తబండి వస్తుంది కనక వీధిలో అందరూ డబ్బాలు బయటికి లాగిపెట్టారు. ఎదురింటి వాళ్ళు ఎప్పటిలాగే తమది సైడ్‌వాక్‌కి సరిగ్గా నడిమధ్య పెట్టారు. మల్లేశ్వరి పని నుంచి వచ్చి, కారు దిగి, భుజాన బ్యాగుతోనే రోడ్డు దాటింది. “కళ్ళున్న మహానుభావులు! ఇంత ఊరుంటే దీనికి మనుషులు నడిచే చోటే దొరికిందా?” అంటూ డబ్బాని అంచుకి నెట్టింది. తరవాత దాని మూత మీద రెండు చేతులూ ఆనించి కాసేపు అలాగే నిలబడింది. కిటికీలోంచి చూస్తున్న ఆవిడ భర్త శశికాంత్, ఇవాళ వాళ్ళ తలుపు కొట్టి తగువేసుకుంటుంది కాబోలు అనుకున్నాడు. ఏమీ వేసుకోలేదు. ఇంట్లోకి వచ్చి, “రేపు మన డబ్బా మీరు లాగండి, నాకు ఓపిక లేదు,” అంది. అతను మీటింగ్‌లో ఉన్నాడు. సరేనని తలూపాడు.

మర్నాడు పొద్దున గరాజ్ మెట్టు మీద కూచుని బూట్లు వేసుకుంటున్న మనిషి అక్కడే ఒరిగిపోయింది. యాభై రెండేళ్ళు. గుండె అన్నారు.

ఆవిడ చేసే పనేమిటో అమెరికాలో వాళ్ళుండే అరోరా ఊళ్ళోని తెలుగువాళ్ళకి చివరిదాకా సరిగ్గా అర్థం కాలేదు. గుళ్ళో ప్రసాదం లైన్లో ఎవరో ఒకరు అడిగేవారు, “మీరు కుక్కలకి ట్రైనింగ్ ఇస్తారటగా?” అని.

“కుక్కలకి కాదండీ, మనుషులకి. కుక్కలైతే చెప్పింది వింటాయి.”

చూపు లేని కుర్రవాళ్ళకి నడక నేర్పడం ఆవిడ ఉద్యోగం. శశికాంత్ వీసా మీద వచ్చి, ఏళ్ళ తరబడి ఇంట్లో కూచుని, చివరికి చదువుకుని సంపాదించిన ఉద్యోగం. తెల్లకర్ర పట్టుకోవడం, కార్ల చప్పుడు విని సిగ్నల్ ఎటు మారిందో పోల్చుకోవడం, దారి తప్పితే కంగారు పడకుండా మళ్ళీ దారిలో పడటం, ఇవన్నీ చెప్పేది. వాళ్ళలో ఎవరైనా గైడ్ డాగ్ కావాలంటే, ఆ కుక్కలిచ్చే స్కూలు ముందుగా ఇలాంటి వాళ్ళ మాట అడుగుతుంది. ఈ పిల్ల, లేదా ఈ పిల్లాడు, ఒంటరిగా నడవగలరా? కుక్కనిస్తే దాన్ని నడిపించగలరా? మల్లేశ్వరి నడిపించి చూసి, అవునో కాదో చెప్పాలి.

అందరికీ అర్థం కానిది అక్కడే. కుక్కే తీసుకెళ్తుంది కదా, ఇంక వీడికి నడక రావడమెందుకు అనేవారు. “కుక్కకి లైబ్రరీ ఎక్కడుందో తెలీదండీ,” అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు అరిగిపోయింది. “దారి మనిషికి తెలియాలి. ముందు గుంట ఉందనో, కారు వస్తోందనో కుక్క ఆగుతుంది. ఎందుకాగిందో మాత్రం చెప్పదు. అది మనమే కాలితో వెతుక్కోవాలి.”

ఆ పరీక్షకి నిజం కుక్క ఉండదు. కుక్క వీపుకి తగిలించే పట్టీ, దాని పిడి మాత్రం ఉంటాయి. పిడి పిల్లాడి ఎడమ చేతిలో ఉంటుంది. రెండో కొస పట్టుకుని ఒక అడుగు ముందు మల్లేశ్వరి నడుస్తుంది. అంటే ఆవిడే కుక్క. లేని ఆ కుక్కకి ఆ వృత్తిలో వాళ్ళు పెట్టుకున్న పేరు జూనో. కొత్తలో ఆవిడ శశికాంత్ కళ్ళకి కండువా కట్టి వీధి చివరిదాకా సాధన చేసింది. ఎవరో చూశారు. ఆ ఆదివారం గుళ్ళో, “ఏమండీ, మేడమ్ గారు మిమ్మల్ని పట్టీ వేసి నడిపిస్తున్నారట? మేమెప్పట్నించో అనుకుంటున్నాం లెండి,” అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. శశికాంత్ కూడా నవ్వాడు గానీ, మళ్ళీ కండువా కట్టించుకోలేదు.

ఈషాన్ పేరు వాళ్ళింట్లో నానడం కిందటేడు మొదలైంది. గుళ్ళో పరిచయమైన రష్మి కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు. చిన్నప్పుడే చూపు పోయింది. తెలివైనవాడు, వాగుడుకాయ. ఆగస్టులో వేరే ఊరి యూనివర్సిటీకి వెళ్ళాలి. వెళ్తే కుక్కతో వెళ్తాను, అమ్మ చెయ్యి పట్టుకుని కాదు అన్నాడు. కుక్కలిచ్చే స్కూల్లో వేసవిలో జరిగే క్లాసులో చోటు దొరకాలంటే మల్లేశ్వరి అవునని చెప్పాలి. ఆవిడ కాదని చెప్పింది.

చెప్పిన వారమే రష్మి వాళ్ళింట్లో భోజనం. రష్మి గుత్తివంకాయ వడ్డిస్తూనే మొదలుపెట్టింది.

“మనవాడే కదక్కా. మీరు ఊఁ అంటే అయిపోయేది.”

“అయిపోయేది. జూనోని ఆపాను, రష్మీ. ముందర సిమెంటు పలక లేచి ఉంది. కుక్క ఆగితే వీడు కూడా ఆగి, కాలితో చూసుకోవాలి. ఏం చేశాడో అడుగు.”

“ఐ ఆస్క్‌డ్!” అన్నాడు ఈషాన్. “ఆంటీ, ఏంటి, అని అడిగాను. ఆన్సర్ చెయ్యలేదు. సో, ఫార్వర్డ్ అన్నాను.”

“అని నన్ను తోశాడు. పలక తగిలి ఇద్దరం పడబోయాం. కుక్కని అడుగుతార్రా ఎవరైనా?”

“మీరు మొరిగితే కుక్క అనుకునేవాణ్ణి. మీరు సైలెంట్‌గా ఉంటే మల్లి ఆంటీలాగే ఉన్నారు. నెక్స్ట్ టైమ్ కొంచెం రియలిస్టిక్‌గా చెయ్యండి, ఆంటీ. ప్లీజ్, వన్ భౌ.”

“భౌ లేదు, గీ లేదు. నోర్మూసుకుని తిను.”

శశికాంత్‌కి నవ్వొచ్చింది. మల్లేశ్వరికి రాలేదు. ఆవిడ రష్మి వైపు చూస్తోంది. రష్మి కొడుకు కంచంలోకి చెయ్యి పెట్టి, వంకాయ తొడిమ తీసి పక్కన పెట్టి, “తొడిమ తీసేశాను నాన్నా,” అంటోంది.

“అదిగో, అదే,” అంది మల్లేశ్వరి ఇంటికొస్తూ కార్లో. “వాడి కాలికి ఏదైనా తగిలే ముందే అమ్మ చెప్పేస్తుంది. మెట్టు నాన్నా, తలుపు నాన్నా, తొడిమ నాన్నా. చెప్పకుండా ఆగేది ఏదైనా లోకంలో ఉందని వాడికి తెలీదు. ఎలా పంపను?”

చలికాలమంతా ఆవిడ వాడితో నడిచింది. మంచు, అది కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, బురద. ఈ ఊళ్ళో సైడ్‌వాక్ ఉన్నట్టుండి గడ్డిలో కలిసిపోతుంది. అక్కణ్ణించి నడిచేవాడు ఏమైపోవాలో ఎవరికీ పట్టదు. దాని మీద సిటీ వాళ్ళకి ఫోన్లు చేసి, వాళ్ళు హోల్డ్‌లో పెట్టి వినిపించే సంగీతం విని విని, ఫోన్ సోఫా మీదకి గిరాటు పెట్టేది. నడిచే వాళ్ళే లేని ఊళ్ళో నడక నేర్పడం ఏమిటి నా మొహం అనేది.

ఏప్రిల్‌లో రెండోసారి పరీక్ష పెట్టింది. ఈసారి ముందు తెల్లకర్రతో. ఇంటి నుంచి ఇయోలా రోడ్డు దాటి ఇండియన్ షాపు దాకా ఈషాన్ ఒక్కడే రావాలి. ఆవిడ వెనకాల దూరంగా, పలకరించకుండా నడుస్తుంది. షాపు ముందు కారుతో ఉండమని శశికాంత్‌కి చెప్పింది. అతను కూచుని చూస్తున్నాడు. ఎంతకీ రారు. చివరికి రాఘవులు గారి కారు వచ్చి పక్కన ఆగింది. గుడి కమిటీలో పెద్దాయన. పక్క సీట్లోంచి ఈషాన్ దిగాడు. కర్ర మడిచి చేతిలో పట్టుకున్నాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి.

“చూడండి శశికాంత్ గారూ,” అన్నాడు రాఘవులు గారు రొమ్ము చరుచుకున్నంత పని చేసి. “పిల్లాడు ఒక్కడే రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడండీ! కార్లేమో జుయ్యిమని పోతున్నాయి. ఒక్కడన్నా ఆగాడా? ప్రాణం ఒప్పక ఎక్కించుకొచ్చా.”

“అంకుల్, ఐ టోల్డ్ యూ. నేను టెస్ట్‌లో ఉన్నాను.”

“రోడ్డు మీద టెస్టేంటి నాన్నా? టెస్టులు కాలేజీలో ఉంటాయి.”

అప్పటికి మల్లేశ్వరి వచ్చింది. అంత దూరమూ వడివడిగా నడిచింది కాబోలు, కారు మీద చెయ్యి వేసి ఊపిరి తీసుకుని అప్పుడు మాట్లాడింది.

“రాఘవులు గారూ, వాడు నిలబడ్డది దిక్కులేక కాదు. ఎప్పుడు దాటాలో చెవులతో తేల్చుకుంటున్నాడు. పుట్టాక మొదటిసారి తనంతట తను తేల్చుకోబోతుంటే, మీరొచ్చి చెయ్యి పట్టుకున్నారు.”

“ఏదన్నా జరిగితే మీరు జవాబు చెప్తారా తల్లీ?”

“చెప్తాను. నాకు జీతమిచ్చేది అందుకే.”

ఆయన మొహం మాడిపోయింది. చేసిన మంచికి మాట పడటం ఆయన ఆ వయసులో ఎదురుచూసినది కాదు. కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు. మల్లేశ్వరి ఈషాన్ వైపు తిరిగింది.

“నువ్వెందుకెక్కావు?”

“హీ ఈజ్ ఏన్ ఎల్డర్, ఆంటీ. చెయ్యి పట్టుకుని లాగారు. ఏం చెయ్యను, కర్రతో కొట్టాలా?”

“వద్దండీ, నేను వెళ్ళగలను, అని నిలబడాలి. రేపు క్యాంపస్‌లో దారినపోయే ప్రతివాడూ నీ కుక్క పట్టీ పట్టుకుని లాగుతాడు. వాళ్ళందరి కార్లూ ఎక్కుతావా?”

వాడు ఏడవకుండా ఉండటానికి కర్ర విప్పుతూ మడుస్తూ ఉన్నాడు. శశికాంత్‌కి జాలేసింది. ఇంటికెళ్ళాక మెల్లిగా అన్నాడు, “ఆగస్టు ఎంతో లేదు మల్లీ. మనవాళ్ళ పిల్లాడు. కాస్త చూసీ చూడనట్టు...”

“చూసీ చూడనట్టా?” ఆవిడ చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టింది. “నేను చూసీ చూడనట్టు పంపిస్తే, ఏ రోడ్డు మధ్యలోనో కుక్క ఆగుతుంది. వీడు దాన్ని తోస్తాడు. వాడిదీ దానిదీ, రెండు ప్రాణాలు. మీ కంప్యూటర్ కోడ్ కాదండీ, సోమవారం మళ్ళీ సరిచేసుకోడానికి.”

ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. రష్మి ఫోన్ చెయ్యడం మానేసింది. గుళ్ళో ఎవరో, ఆవిడకి పిల్లల్లేరు కదండీ, ఏం తెలుస్తుంది, అన్నారని కూడా విన్నారు. మల్లేశ్వరి మర్నాడు పొద్దున్నే పిడి తీసుకుని ఈషాన్ వాళ్ళింటికి వెళ్ళింది.

మూడోసారి నడక మే నెలలో ఒక మంగళవారం జరిగింది. రష్మి వాకిట్లోకి కూడా రాకూడదు, తెలిసిన వాళ్ళందరికీ తనే ఫోన్ చేసి, పిల్లాడు కనిపిస్తే కారు ఆపొద్దని చెప్పాలి. ఆ షరతుకి ఒప్పుకున్నాకే పెట్టింది. రాఘవులు గారికి కూడా ఫోన్ వెళ్ళింది. ఆయన, అసలా రోడ్డుకే రానులే, అన్నాడట.

ఆ సాయంత్రం మల్లేశ్వరి అన్నం కెలుకుతూ కూచుంది. శశికాంత్ అడక్కూడదనుకుంటూనే అడిగాడు.

“ఏమైంది?”

“దాటాడు. ఒక్కడే. ఎవరో తెల్లావిడ చెయ్యి పట్టుకోబోతే, నో థాంక్యూ అన్నాడు. గొంతు వణికింది గానీ అన్నాడు.”

“మరి జూనో?”

“ఆగాను. వాడూ ఆగాడు. కాలితో ముందంతా వెతుక్కున్నాడు, చెయ్యి చాపి పైన చూసుకున్నాడు. ఏమీ దొరకలేదు. అయినా నోరెత్తలేదు, తొయ్యలేదు. నేను కదిలేదాకా నిలబడ్డాడు.” కంచం పక్కకి జరిపింది. “అదండీ కుక్కని నమ్మడమంటే. దాని కోసమే కదా ఇన్నాళ్ళూ పోట్లాడాను.”

“ఎక్కడ ఆపావు?”

“ఏదో చోట. ఇంక నేను పడుకుంటాను.”

బుధవారం స్కూలుకి అవునని రాసి పంపింది. రష్మి ఫోన్ చేసి ఏడ్చింది. “ఏడుపు తరవాత. ముందు కుక్కకి చోటు చూడు. పూజగది తలుపు వేసుకుంటే సరిపోతుంది,” అని పెట్టేసింది. మర్నాడు గురువారం. చెత్తడబ్బా.

తరవాత ఇల్లంతా జనం, తరవాత ఎవరూ లేరు. శశికాంత్‌కి ప్రతిదానికీ చిరాకే. ఆవిడ ఫోనుకి ఇంకా కొత్త పిల్లల తల్లులు చేస్తున్నారు. చెబితే, అయ్యో అని ఒక్క క్షణం ఆగి, మరి మా వాడికెవరు చూస్తారండీ అంటున్నారు. గురువారం వస్తే ఎదురింటి డబ్బా మళ్ళీ నడిమధ్యలోనే ఉంటోంది. ఇప్పుడు అతనే వెళ్ళి నెడుతున్నాడు. ఆవిడ తిట్లు తిట్టబోతే నోటికి రావడం లేదు.

జూన్ చివర్లో ఈషాన్ వచ్చాడు. రష్మి కార్లోనే ఉండిపోయింది. వాడు కర్రతో వాకిలి వెతుక్కుని, మెట్టు ఎక్కి, బెల్ కొట్టాడు. చేతిలో పట్టీ, పిడి. ఆ మంగళవారం ఆవిడ వాళ్ళింట్లోనే వదిలేసి వెళ్ళిందట.

“మండే క్లాస్ స్టార్ట్, అంకుల్. ఇది మీకు ఇచ్చి వెళ్దామని.”

శశికాంత్ దాన్ని అందుకున్నాడు. “మీ ఆంటీ చాలా సంతోషించింది రా. కుక్కని నమ్మావంది,” అన్నాడు.

“ఒక డౌట్ అంకుల్. ఆంటీని అడుగుదామనుకున్నా, బట్...” వాడు కర్ర చివరతో గడప మీద మెల్లిగా కొడుతున్నాడు. “లైబ్రరీ పక్క స్ట్రెచ్‌లో జూనో ఆగింది కదా. వన్స్ కాదు, త్రీ టైమ్స్. నేను మొత్తం చెక్ చేశాను. ఫ్లాట్. పలక లేవలేదు, కొమ్మ లేదు, కార్ లేదు. నిన్న అమ్మని తీసుకెళ్ళి చూడమన్నాను. అమ్మ కూడా ఏం లేదంది. ఏంటది? ట్రిక్కా?”

శశికాంత్ చేతిలోని పిడి వైపు చూశాడు. వాడు ఎదురుచూశాడు. ఇప్పుడు వాడికి ఎదురుచూడటం వచ్చు.

“పిడి కూడా షేక్ అయింది, అంకుల్. లాస్ట్ టైమ్ ఆగినప్పుడు ఆంటీ కుక్కలాగా రొప్పింది. హ హ హ అని, నోటితో. నేనెప్పుడూ అడిగేవాణ్ణి కదా, కొంచెం రియలిస్టిక్‌గా చెయ్యమని. చివరికి ఒప్పుకుంది అనుకున్నా. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఫెయిల్ చేస్తుందని నవ్వలేదు.”