బరువు తక్కువ సైకిలు

మా వియ్యంకుడు నాగేశ్వరప్రసాద్ గారికి రావులపాలెంలో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టుంది. గల్లాపెట్టె దగ్గర ఆయన కోసం మెత్తని కుర్చీ వేశారు. అందులో పిల్లి పడుకుంటుంది. ఆయన మాత్రం గుమ్మానికీ గోడౌనుకీ మధ్య తిరుగుతూ, కనబడిన వస్తువునల్లా ఎత్తి బరువు చూస్తుంటారు. నలభయ్యేళ్ళుగా బిందెలు తూచి అమ్మిన చెయ్యి మరి, ఊరికే ఉండలేదు. మా అమ్మాయి శ్రీసుధని చూసుకోవడానికి రాజమండ్రి వచ్చిన రోజున కాఫీ గ్లాసు అందుకుని, తాగకముందే రెండుసార్లు పైకీ కిందకీ ఆడించి, "మంచి మందం సామానండి" అని మెచ్చుకున్నారు. పిల్లని చూసింది ఆ తర్వాతే.

ఒక శ్రావణమాసంలో ఆయన గోదావరి రేవులో దిగి, దోసెడు నీళ్ళెత్తి, "ఈసారి వరద రెండో హెచ్చరిక దాటుద్దండి. నీళ్ళు బరువెక్కాయి" అన్నారు. దాటింది. వారం తిరక్కుండా ధవళేశ్వరం నుంచి ఇంజనీర్లు కారేసుకుని వచ్చి ఆ చేతికి కొలతలు తీసుకుని వెళ్ళారు. ఇందులో నేను కలిపింది ఇంజనీర్లనీ కారునీ మాత్రమే. చిన్నప్పుడు మా కాన్వెంటులో సిస్టర్ మెర్సీ అబద్ధానికో బెత్తం దెబ్బ వేసేవారు. అబద్ధం పక్కనే నిజం కూడా చెబితే సగమే వేసేవారు.

ప్రసాద్ గారి జీవితసూత్రం ఒక్కటే. బరువుంటేనే సరుకు. దానికి ఒక తోక కూడా ఉంది. పిల్లలకి ఏది కొన్నా పెద్దదే కొనాలి, పెరుగుతారు గనక. మా మనవరాలు హర్షిత గౌన్ల మడతలు విప్పుకుంటూ పదేళ్ళదయింది. అయినా ఒక్క గౌనునీ పూర్తిగా అందుకోలేదు.

ఈ వేసవిలో నేను రావులపాలెంలో వాళ్ళింట్లో ఉండగా ఆ పిల్లకి ఒక చిక్కు వచ్చింది. ఆరో తరగతికి కాలవ అవతలి బడికి వెళ్ళాలి. రోడ్డు వంతెన మీద అరటిగెలల లారీలు ఊపిరాడనివ్వవు. ఇక మిగిలింది బుజ్జిబాబు నడిపే స్కూలు ఆటో. ఆటో ఎక్కితే హర్షితకి వాంతి. పాత బడికీ ఆటోలోనే వెళ్ళేది. తోటిపిల్లలు దానికి 'డోకుల రాణి' అని పేరు పెట్టి, అంచు సీటు ఇచ్చారు. అప్పటినుంచి పొద్దున్న టిఫిను తినడం మానేసింది. ఖాళీ కడుపుతో బడికి వెళ్ళి మధ్యాహ్నందాకా అలాగే కూర్చునేది. ఇప్పుడు కొత్త బడికి కూడా ఆ పేరు తనకంటే ముందు వెళ్తుందని దాని భయం.

"సైకిలు కొనండి, నేనే వెళ్తా" అంది.

కాలవ మీద నడిచేవాళ్ళకి ఇంకో వంతెన ఉంది. అటూ ఇటూ మెట్లు. సైకిలుంటే భుజానికెత్తుకుని దాటాలి. శ్రీసుధ ఆలోచించి ఒక షరతు పెట్టింది.

"సైకిలు నువ్వే మోసుకెళ్ళి, నువ్వే మోసుకురావాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. అలా చేసి చూపించు, సోమవారం నుంచి పంపిస్తా. లేదంటే బుజ్జిబాబు ఆటోయే."

మా అల్లుడు వినయ్ ఫోనులోంచి తల ఎత్తకుండానే, "అమ్మ చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. వాళ్ళమ్మో, పిల్ల అమ్మో, ఏ అమ్మ అన్నది అతను ఎప్పుడూ చెప్పడు.

సైకిలు నేను కొంటానంటే నేను కొంటానని ప్రసాద్ గారూ నేనూ వాదించుకున్నాం. ఆయనే గెలిచారు. ముగ్గురం రాజమండ్రిలో సైకిళ్ళ షాపుకి వెళ్ళాం. షాపతను మణిదీప్, పాతికేళ్ళ కుర్రాడు, హర్షితని నిలువునా చూసి నీలం రంగు సైకిలు ఒకటి బయటికి తీశాడు.

"అల్యూమినియం ఫ్రేమండి. ఇరవై నాలుగు అంగుళాల చక్రాలు. పాప కాళ్ళు నేలకి ఆనతాయి. సీటు లేపుకుంటూ పోతే మూడేళ్ళు బెంగ లేదు."

ప్రసాద్ గారు దాన్ని ఒంటిచేత్తో ఎత్తారు. ఉప్పు లేని పప్పు నోట్లో పెట్టుకున్నట్టు అయింది ఆయన మొహం.

"ఏంటి బాబూ ఇది, బోలుగా ఉంది?"

"బోలు కాదండి, తేలిక."

"మరి లోపల సరుకేదీ? అదిగో ఆ ఇనప సైకిలు కంటే దీనికి రేటెక్కువ రాశావు. తేలిగ్గా ఉన్నదానికి ఎక్కువ చెప్పే షావుకారిని ఇవాళే చూశాను."

"కొండలెక్కే సైకిలండి. తేలిగ్గానే ఉండాలి."

"మాకు కొండలెక్కడివయ్యా! మా వైపు ఎత్తైనవి రెండే. ఒకటి హైవే వంతెన, రెండోది మా బావగారి కోతలు."

"కాలవ మెట్లు మర్చిపోయారు బావగారూ, అవి ఎక్కి దిగాల్సింది పిల్లే కదండీ" అన్నాను.

హర్షిత అప్పటికే నీలం సైకిలెక్కి సందు చివరిదాకా వెళ్ళి వచ్చింది. దిగి, మధ్య కడ్డీ పట్టుకుని నడుము దాకా ఎత్తింది. మావైపు చూసింది. ఆ చూపు ఆయనకి అందలేదు. ఆయన షాపు లోపల ఒక నల్ల సైకిలు ముందు నిలబడి ఉన్నారు. ఇరవై ఆరు అంగుళాల చక్రాలు, లావు ఇనప గొట్టాలు, ముందూ వెనకా స్ప్రింగులు. రెండు చేతులా ఎత్తి, మోకాళ్ళు వంగాక, మొహం వెలిగించుకున్నారు.

"ఇదీ సామానంటే!"

"పాపకి పెద్దదవుద్దండి" అన్నాడు మణిదీప్.

"పెరిగే పిల్లయ్యా. వచ్చే ఏడుకి ఇదే చిన్నదవుద్ది. ఏమ్మా అమ్మలూ, స్ప్రింగులు చూశావా?"

హర్షిత తాతయ్య మొహం చూసింది. ఆయన అంత సంతోషంగా ఉండగా కాదనడం ఎలాగో దానికి తెలియలేదు. "నీ ఇష్టం తాతయ్యా" అంది.

"పిల్ల మొహం చూడండి బావగారూ" అన్నాను.

"చూశానండి. ఆనందం పట్టలేక మాట రావట్లేదు."

మర్నాడు పొద్దున్నే వంతెన దగ్గర పరీక్ష. శ్రీసుధ చేతులు కట్టుకుని మెట్ల పక్కన నిలబడింది. హర్షిత నల్ల సైకిలుని భుజం దాకా ఎత్తలేక, నడుముకి ఆనించి, ఒక్కో మెట్టూ ఈడ్చింది. సగం దూరంలో ముందు చక్రం అడ్డం తిరిగింది. పిల్లా సైకిలూ కలిసి కిందికి జారుతుంటే ప్రసాద్ గారు ఒక్క గెంతులో వెళ్ళి పట్టుకున్నారు.

"మావయ్యగారూ, మీరు పట్టుకుంటే లెక్కలోకి రాదండి" అంది శ్రీసుధ.

"చెయ్యి ఆనించానమ్మా, అంతే."

"ఆనించకపోతే ఇద్దరూ కాలవలో ఉందురు. ఆటో మాట్లాడేస్తాను."

హర్షిత మోకాలి మీద దుమ్ము దులుపుకుని ఇంటికి నడిచింది. టిఫిను పెడితే ముట్టలేదు. "వద్దమ్మా, ఇప్పటినుంచీ అలవాటు చేసుకోవాలిగా" అంది. మాట మామూలుగానే అంది గాని, ప్రసాద్ గారు వరండాలో తిరుగుతున్నవారు ఠక్కున ఆగారు. మళ్ళీ తిరిగారు. మళ్ళీ ఆగారు.

"ఆ నీలంది తెచ్చేద్దామండి" అన్నాను.

"మా కొట్లో అమ్మిన సరుకు ఎవరైనా వెనక్కి తెస్తే నేను పుచ్చుకోను. నేను కొన్నది ఎలా ఇస్తానండీ? అసలు అంత తేడా ఏముందని? అలవాటైతే మోస్తుంది."

"తూచి చూడండి మరి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకునేలోపే ఆయన సైకిలు నడిపించుకుంటూ కొట్టుకి బయలుదేరారు. వెనక నేనూ, నా వెనక హర్షితా. బిందెలు తూచే కాటా మీద సైకిలు పెట్టారు. అంకె చూసి సంతృప్తిగా తల ఊపారు. సైకిలు దించి పిల్లని నిలబెట్టారు. అంకె చూశారు. పిల్లని దించి మళ్ళీ సైకిలు పెట్టారు. సైకిలు పిల్లలో సగం కంటే ఎక్కువ తూగింది.

ఆయన సైకిలు దించారు. తనే కాటా ఎక్కారు. తన బరువులో సగం ఎంతో మనసులో కట్టుకుని, గోనెసంచీలో ఇత్తడి చెంబులూ, పళ్ళేలూ, ఒక దీపపు కుందీ వేసి, ఆపైన ఇంకో రెండు చెంబులు కలిపి మూతి కట్టారు.

"ఎక్కడికండీ?"

"వంతెన మీదికి."

బజారంతా చూస్తుండగా ఆ మూట భుజాన వేసుకుని నడిచారు. చెంబుల చప్పుడుకి కుక్కలు వెంటపడ్డాయి, దుకాణాల వాళ్ళు బయటికొచ్చారు. ఎవరో "షావుకారు గారు కొట్టెత్తేస్తున్నారా?" అని అడిగారు. మెట్లు సగం ఎక్కేసరికి భుజం మీద మూట ఒరిగింది. సంచీ మూతి ఊడి దీపపు కుంది దొర్లుకుంటూ వెళ్ళి కాలవలో పడింది. ఆయన దానివంక చూడలేదు. మెట్టు మీదే నిలబడి రొప్పుతూ, కింద ఉన్న హర్షిత వైపు తిరిగారు.

"ఇది నీ చేత మోయించానా అమ్మలూ?"

"నేనూ సగం దాకా ఎక్కాలే తాతయ్యా" అంది అది.

ఆ మధ్యాహ్నమే నల్ల సైకిలు రాజమండ్రి వెళ్ళింది. మణిదీప్ నోరు విప్పకముందే, "బాబూ, పాపకి తగ్గది ఇవ్వు. బరువెంతో చెప్పకు, నాకు బాధ" అన్నారు ప్రసాద్ గారు.

ఆదివారం సాయంత్రం మళ్ళీ పరీక్ష. హర్షిత నీలం సైకిలు భుజానికి తగిలించుకుంది. మధ్యలో ఒకసారి ఆగి భుజం మార్చుకుంది. ఆ కాసేపు ప్రసాద్ గారు తన చేతిని తన రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పిల్ల పైకెక్కింది, అవతలికి దిగింది.

"సరే, ఇక ఇటు రా" అని కేకేసింది శ్రీసుధ.

హర్షిత సైకిలెక్కింది. గంట కొట్టింది. ఇటు కాకుండా అటు తిరిగి, కాలవగట్టు వెంట పడమరకి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

"హర్షితా! ఏయ్!"

అరటితోటల మలుపులో నీలం రంగు కనబడి మాయమైంది. ముగ్గురం ఈ గట్టున, మా దగ్గర ఒక్క చక్రం కూడా లేదు. ప్రసాద్ గారు మెట్లెక్కి పైనుంచి చూసి, దిగి, మళ్ళీ ఎక్కారు.

"ఆ నల్లదైతే ఇంత దూరం పోగలిగేదా బావగారూ? ఇదేమో గాలిపటం!"

"కేకలెయ్యకండి మావయ్యగారూ" అంది శ్రీసుధ. ఆమె మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పరిగెత్తడానికి సిద్ధంగా ఉంది.

చీకటి పడకముందే పిల్ల వచ్చింది. జుట్టంతా రేగి, మొహం ఎర్రబడి, సైకిలు భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

"ఎక్కడిదాకా వెళ్ళావ్?"

"కాలవ లాకుల దాకా."

"ఎవర్నడిగి?"

"అడగడానికి అక్కడెవరున్నారమ్మా?"

శ్రీసుధ చెయ్యి ఎత్తింది. ఆ చేత్తోనే పిల్ల చెంప మీది ఒండ్రు తుడిచింది.

"రేపు బూటు లేసులు లోపలికి దోపుకో. చైన్లో పడితే బోర్లా పడతావ్" అంది.

హర్షిత తల ఊపి, "ఆకలేస్తోంది" అంది. ప్రసాద్ గారు అప్పటికే ఇడ్లీబండి వైపు సగం దూరం వెళ్ళిపోయారు.