నియమం మార్చిన మేడమ్

బాపట్లలో మా స్టాటిస్టిక్స్ మేడమ్ పోయారని కబురు వచ్చేసరికి నేను తెనాలిలో మా కుట్టు యూనిట్ తలుపులు తీస్తున్నాను. ఆ గుమ్మం మీదే కూర్చుని మా కుట్టేవాళ్లందరికీ ఫోన్లు చేశాను.

మసీదు సందులో దర్జీ కూతుర్ని నేను. డిగ్రీ ప్రాజెక్టుకు మా కుట్టుపనివాళ్ల నెట్‌వర్కునే తీసుకున్నాను. ఒక్కో మనిషీ ఒక చుక్క. ఒకరు ఇంకొకరికి పని ఇస్తే మధ్యలో గీత. కొత్త చుక్క ఎప్పుడూ ఎక్కువ గీతలున్న చుక్కనే పట్టుకుంటుందని పుస్తకంలో నియమం. కంప్యూటర్‌లో అలాగే నడిపితే, కాసేపటికి గీతలన్నీ ఒక్క చుక్క చుట్టూ మూగాయి. ఆ చుక్కలో మా నాన్నకు పని ఆపేసిన పెద్ద షాపాయనే నాకు కనిపించాడు.

"ఇంతేనండి మేడమ్. చిన్నవాళ్లకి చోటు లేదు," అన్నాను.

"కంప్యూటర్‌కి ఆ నియమం చెప్పిందెవరు? మనమేగా! పద, కుట్టేవాళ్లనే అడిగొద్దాం."

గొడుగు వేసుకుని తెనాలి, దుగ్గిరాల, రేపల్లె నాతో తిరిగారు. "మొదటి పని ఎవరి ద్వారా వచ్చిందమ్మా?" అని ఇంటింటా అడిగారు. పెద్ద షాపు పేరు చెప్పినవాళ్లు తక్కువే. తోడికోడలి అక్క, చర్చిలో పక్కన కూర్చునే ఆవిడ, రైల్లో కలిసిన టీచరు... అందరూ తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లే. నియమం అలా మారిస్తే తెర మీద ఎన్నో గుంపులు మొలిచాయి.

వైవాకు వచ్చిన ఎగ్జామినర్ పెదవి విరిచారు. "పుస్తకంలో ఇలా లేదే?"

"పుస్తకం రాసినాయన రేపల్లె రాలేదండి. మేం వెళ్లాం," అన్నారు మేడమ్.

నాకు మార్కులు తగ్గాయి. మేడమ్ మాత్రం తగ్గలేదు.

చదువయ్యాక యూనిట్ పెడతానంటే, నాకెవరూ పని ఇవ్వొద్దని షాపాయన బజారంతా చెప్పించాడు. ఏడుస్తూ బాపట్ల వెళ్లాను.

"బజారు ఆయనదైతే కావచ్చు. మనుషులంతా ఆయనవాళ్లేంటి?" అంటూ మేడమ్ నన్ను రేపల్లెలో తనకు తెలిసిన హెడ్మిస్ట్రెస్ దగ్గరికి తీసుకెళ్లారు. "నా పరిచయం గుమ్మం దాకే. లోపల నీ కుట్టు మాట్లాడాలి."

మాట్లాడింది. ఆ స్కూలు యూనిఫారాలు నాకిచ్చారు. అవి చూసి ఇంకో స్కూలు, అక్కడి ఆయమ్మ చెప్పి ఇద్దరు కుట్టేవాళ్లు, వాళ్ల వెంట మరికొందరు వచ్చారు. నిరుడు షాపాయనే వచ్చాడు.

"నా కింద చేరిపోమ్మా, నీకే మంచిది."

"చేరనండి," అన్నాను. ఫోన్లో చెబితే, అప్పటికే మంచాన ఉన్న మేడమ్ దగ్గొచ్చేదాకా నవ్వారు.

ఆ మధ్యాహ్నం మేడమ్‌ను సాగనంపడానికి బాపట్ల సమాధుల తోటకు మూడు ఊళ్ల నుంచీ మావాళ్లు మిషన్ల దగ్గర్నుంచి లేచినవాళ్లు లేచినట్టే వచ్చారు.

"ఇంతమందీ మేడమ్ బంధువులా?" అని ఎవరో అడిగారు.

"అవునండి," అంది రేపల్లె నుంచి వచ్చినావిడ, తల ఎత్తి.

మా చీరల నిండా యూనిఫారాల నీలం దారప్పోగులు. ఒక్కరం కూడా దులుపుకోలేదు.