పార్థిబన్ అన్న ఒట్టి చేతులతో రాడు

పార్థిబన్ అన్న ఏ యంత్రాన్నీ ఒట్టి చేతులతో పరీక్షించడు. రెండు చేతుల్లోనూ ఏదో ఒక బరువుండాలి. లేకపోతే ఆయన లెక్కలో అది పరీక్షే కాదు.

తిరువళ్లూరులో ఒక సైకిల్ షాపు మేడమీద ఆయన వర్క్‌షాపు. ఇంజనీరింగు మూడో ఏడు ఇంటర్న్‌షిప్ కోసం రోజూ తిరుత్తణి నుంచి లోకల్ ట్రైన్లో అక్కడికి వెళ్లేదాన్ని. మా పని హాజరు యంత్రాలు తయారుచెయ్యడం. కార్డు దగ్గరికి తెస్తే యంత్రం ‘కీ’ అనాలి. వైఫై మీదుగా ఆ మనిషి పేరు ఆఫీసు కంప్యూటర్లో పడాలి. తిరుత్తణి దారిలోని ఒక బనియన్ల ఫ్యాక్టరీకి నెలాఖరులోగా ఆరు ఇవ్వాలి.

మొదటిది పూర్తిచేసి నా కార్డు పెట్టాను. కీ! తెరమీద ‘ధాత్రి’ అని నా పేరు పడింది. ఎగిరి గంతేశాను.

“బాగుండాది పాపా. కొంచెం ఉండు,” అంటూ కిందికి దిగిన అన్న, చంకలో మునక్కాయల కట్ట, చేతిలో నీళ్ల క్యానుతో తిరిగొచ్చాడు. కార్డు నడుముకు తగిలించుకున్నాడు. యంత్రం ముందు ఇటు నడిచాడు, అటు నడిచాడు, చివరికి దానికి వీపు కూడా రుద్దాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“కార్డు చేత్తో తీసి పెట్టొచ్చు గదన్నా!”

“చెయ్యి యాడుండాది పాపా? మునక్కాయలు నువ్వు పట్టుకుంటావా?”

మర్నాడు టిఫిన్ క్యారియరుకు కార్డు అంటించుకొచ్చాడు. స్టీలు వెనకుంటే కార్డు పలకదని, అది ఫిజిక్సని చెప్పాను.

“అయితే మీ ఫిజిక్సు మధ్యానం అన్నం తినదా?”

ఆ తర్వాత పనసకాయ. ఆ తర్వాత టైర్లు. కింద షాపు సుందరం మెట్లెక్కి వచ్చి, “అన్నా, బేరం వచ్చింది. నా టైర్లు పరీక్ష పాసైనాయా?” అని అడిగేవాడు.

ఏడుపొక్కటే తక్కువగా యాంటెన్నా నాలుగుసార్లు మళ్లీ చుట్టాను. చివరికి జానెడు దూరాన కదిలిపోతున్న కార్డును కూడా యంత్రం పట్టేసింది.

ఫ్యాక్టరీలో బిగించే రోజు అన్న ఆరింటినీ గోడకు నడుమెత్తులో కొట్టేశాడు. నేను గీసిన డ్రాయింగులో ఛాతీ ఎత్తు! మేనేజరు వేలాయుధం ఆరడుగుల మనిషి. కిందికి చూసి ముఖం చిట్లించాడు.

“ఏమిది? పిల్లలకా? డ్రాయింగు ఎవురు గీసినారు?”

కాలేజీకి పంపే నా రిపోర్టు మీద ఈ మేనేజరు సంతకం కూడా కావాలి.

“పాప సరిగ్గానే గీసింది సార్. నేనే తప్పు చూసినాను. తూట్లు పడిపోయినాయి, ఇంగేం జేసేది?” అన్నాడు అన్న, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఇంతలో షిఫ్టు గంట మోగింది. జనం వెనక, ఎడమచేత బకెట్టు, చంకలో చీపురుతో ఊడ్చే ఆరోగ్యమేరి వచ్చింది. బస్సు ప్రమాదం తర్వాత ఆమె చేతులు రెండూ నడుము దాటి పైకి లేవవట. పాత యంత్రం తలెత్తున ఉండేది. ఎవరినైనా కార్డు పెట్టమని బతిమాలితే, అది నిబంధనకు విరుద్ధమని వచ్చిన రోజుల్ని కూడా రాలేదని రాశారట. కొలతలకు వచ్చిన రోజే అన్న ఇదంతా చూశాడని నాకప్పుడు తెలిసింది.

నడుముకు కార్డుతో ఆమె ఆగకుండా నడిచిపోయింది. కీ! ఉలిక్కిపడి వెనక్కొచ్చింది. కీ! మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది.

“ఏమ్మా, నాలుగుసార్లు వచ్చినావా ఇయాల?” అన్నాడు మేనేజరు.

“రాలేదని రాసినారే సార్, ఆ దినాలకి,” అంది ఆమె.

“ముందే చెప్పుంటే ఆయక్క కోసం చేసుందును గదన్నా,” అన్నాను.

“అందుకే చెప్పలేదు. ఆయక్కకని ఒకటి చేసి పక్కన పెట్టింటావు. నాకు ఆరూ అట్టనే గావాల.”

అప్పటికి మేనేజరు వంతు వచ్చింది. మెడలో కార్డు వేలాడుతుండగా, అంతెత్తు మనిషి యంత్రం ముందు నిండా వంగాడు.

కీ!

“వణక్కం సార్,” అన్నాడు అన్న.