ఉత్తగ నడవడం

మా ఊళ్లో ఎవరైనా గడప దాటి బజారులో కాలు పెడితే ఎదురైన మనిషి అడిగే మొదటి మాట "ఏడికి?" అని. అది ఆరా తీయడం కాదు, పలకరింపే. అయినా జవాబు మాత్రం చెప్పాలి. చెలకకు, దుకాణానికి, దవాఖానకు, పెళ్లికి, చావుకు, ఏదో ఒకటి. ఎక్కడికీ కాదు, ఊరికే నడుస్తున్నాను అనే జవాబు అప్పటిదాకా మా ఊళ్లో ఎవరూ ఇచ్చి ఉండలేదు. ఆ సంగతి మా బాపుకు షుగర్ వచ్చాక తెలిసింది.

మాది మోత్కూర్ దగ్గర చిన్న ఊరు. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. రాష్ట్రం వచ్చి జిల్లాలు విడగొట్టాక వేరే జిల్లాలోకి పోయింది. ఊరు మాత్రం ఉన్న జాగాలోనే ఉంది. బాపు బతుకంతా గుంట మగ్గం మీద చీరలు నేసినవాడు. పొద్దున గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేవాడు. ఊరి చివర గుట్ట ఉందని ఆయనకు తెలుసు గానీ, దాని మీద ఏముందో ఎన్నడూ చూడలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు మత్తడి దుంకింది. చెరువు నిండితే ఊరంతా చూడటానికి పోతుంది. మా ఇంట్లో మాత్రం చెంబులు పట్టుకుని మగ్గం గుంటలోకి ఊరిన నీళ్లు తోడుకుంటాం. ఆ ఊట ఆగి గుంట ఆరేదాకా నేత సాగదు. అలా మగ్గం ఆగిన రోజుల్లోనే బాపు కళ్లు తిరుగుతున్నాయని దవాఖానకు పోతే షుగర్ అని తేలింది. రోజూ పొద్దున నడవాలని డాక్టర్ చెప్పాడు.

"పొద్దంత తొక్కుతనే ఉన్న గద సార్, ఇంక నడుసుడెందుకు?" అన్నాడట బాపు.

మగ్గం తొక్కడం కూర్చోవడం కిందికే వస్తుందని డాక్టర్ అన్నాడట. బాపుకు ఆ మాట చాలా రోజులు మింగుడుపడలేదు.

మొదటి రోజు తెల్లారగానే బాపు బయలుదేరాడు. పక్కింటివాళ్లు ఏడికి అంటే దుకాణానికి అన్నాడు. అన్నాడు కాబట్టి దుకాణానికి పోయాడు. పోయాడు కాబట్టి ఒక అగ్గిపెట్టె కొన్నాడు. మర్నాడు ఉప్పు కొన్నాడు. ఆ మర్నాడు మళ్లీ అగ్గిపెట్టె. కొన్నాళ్లకు, ఇంటికి కావలసినవన్నీ కొనడం అయిపోయింది, ఇంక నడవడం ఆపమని అమ్మ చెప్పింది.

నేను బతుకమ్మ పండుగకు నల్లగొండ నుంచి వచ్చేసరికి సంగతి ఇక్కడిదాకా వచ్చింది. నేను బడిలో టీచర్‌ను, దసరా సెలవులు. తోడుగా నేను వస్తాను, ఇద్దరం నడిస్తే ఎవరూ ఏమీ అనుకోరని బాపుకు చెప్పాను. మరునాడు పొద్దున ఇద్దరం బజారులోకి రాగానే, బిడ్డను బస్సు ఎక్కించడానికా అని అడిగారు. బాపు అవునన్నాడు. బస్టాండుదాకా నడిచి, బస్సు ఎక్కకుండా తిరిగి వచ్చాం. తెల్లారి మళ్లీ బయలుదేరితే, బిడ్డ ఇంకా పోలేదా అన్నారు. మూడో రోజుకు, అత్తగారింటికి పోవడానికి నాకు ఇష్టం లేదనీ, బాపు రోజూ బలవంతాన బస్టాండుదాకా తీసుకుపోతున్నాడనీ మా బజారులో ఒక మాట పుట్టింది. అమ్మ ఆ మాట విని వచ్చి, మీ ఇద్దరూ ఇంక ఊళ్లో నడవొద్దంది.

అందుకని మా ఇంటి వెనక నుంచి పొలాల గట్ల మీద నడిచి గుట్టదాకా పోవడం మొదలుపెట్టాం. అది మంచిదయింది. వానలు వెనకబడి, ఎండ ఇంకా ముదరని రోజులు. గట్ల మీది గడ్డికి మంచు పట్టి కాళ్లు మోకాళ్లదాకా తడిసేవి. పత్తి చేలలో అక్కడక్కడ కాయ పగిలి తెల్లగా కనబడేది. బీడు నిండా గునుగు పూసి ఉంది. పండుగకు కోసుకుపోగా మిగిలిందే అంత. తూనీగలు మా ముందు ముందే ఎగిరేవి. బాపు చేతులు వెనక్కు కట్టుకుని ప్రతి గట్టు మీదా ఆగేవాడు. ఇటు చివర నుంచి అటు చివరదాకా చూసేవాడు. మళ్లీ నడిచేవాడు. ఏం చూస్తున్నావు బాపూ అంటే, ఏం లేదు, ఇంత వెడల్పు ఎన్నడు చూసిన అన్నాడు. నలభై ఏళ్లుగా ఆయన చూపు చీర పన్న దాటి పోలేదు.

మంచి రోజులు నాలుగైదు గడిచాయో లేదో, ఒక పొద్దున నడిచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మా ఇంటి ముందు బండి ఆగింది. భూములు అమ్మించే మనిషి. మా ఊరివాడే, నాకంటే చిన్నవాడు. రాష్ట్రం వచ్చాక భూముల ధరలు పెరిగితే ఇట్లాంటివాళ్లు ఊరికి ఒకరిద్దరు తయారయ్యారు. అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ చాయ ఇచ్చింది. చాయ తాగేదాకా వానల గురించి మాట్లాడాడు. గ్లాసు కింద పెట్టి అసలు మాటకు వచ్చాడు.

"కాకా, జాగ చూస్తున్నవట గద. నాతోటి ఒక్క మాట చెప్తే ఏమాయె?"

"నేనేం జాగ చూస్తలేనురా. ఉత్తగ నడుస్తున్న," అన్నాడు బాపు.

అతను నవ్వి, మొదట్లో అందరూ అట్లనే అంటారు కాకా, అన్నాడు. గుట్ట కింది చెలక మంచిదేననీ, కాగితాలు సాఫ్‌గా ఉన్నాయనీ, ఆ రైతు తన మాట కాదనడనీ చెప్పాడు. బాపు షుగర్ సంగతి చెప్పాడు. డాక్టర్ ఏమన్నాడో చెప్పాడు. అతను అంతా ఓపికగా విని, ఎంతలో చూస్తున్నావో అది చెప్పు చాలు అన్నాడు. బాపు చెప్పడానికి ఏమీ లేక ఊరుకున్నాడు. ఊరుకున్నకొద్దీ అతనికి నమ్మకం పెరిగింది. పోతూ పోతూ నా వైపు తిరిగి, అల్లుడు కొంటున్నాడా అక్కా అని మెల్లగా అడిగాడు.

ఆ సాయంత్రం నల్లగొండ నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. తాను భూమి కొంటున్నాడట కదా, ఎక్కడ అని నన్నే అడిగాడు. ఎవరో దూరపు చుట్టం ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పాడట.

ఊళ్లో బాపుకు మర్యాద పెరిగింది. ఎన్నడూ లేనిది దుకాణం దగ్గర కుర్చీ వేశారు. గుట్ట కింది చెలక రైతు గట్ల మీది కంప కొట్టించి, హద్దురాళ్లకు సున్నం పూశాడు. మేము ఆ దారిన పోతుంటే దూరం నుంచే కళ్ల పైన చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్ని చూసేవాడు. పలకరించేవాడు కాదు. బేరం మాట ముందు ఎవరు ఎత్తితే వాళ్లకు నష్టం. బాపుకు నడక చేదైంది. రెండు రోజులు ఇంట్లోనే మంచం చుట్టూ తిరిగాడు. అమ్మ ఆ తిరుగుడు చూడలేక, రేపటి నుంచి నేనూ వస్తానంది. ఆడమనిషి నెత్తిన గంప పెట్టుకుని వెంట వస్తుంటే ఎవడూ భూమి కొంటున్నాడని అనుకోడట. గంప దేనికి అంటే, గుట్ట మీద సీతాఫలాలు ఉన్నాయి, దేనికేమిటి అంది.

అమ్మ చెప్పింది నిజమే అయింది. దారిలో కనబడినవాళ్లు గంప చూసి, సీతాఫలాలకా అని వాళ్లే అడిగి వాళ్లే పోయారు. బాపు అంత తేలిగ్గా ఊరు దాటడం నేను చూడటం అదే మొదటిసారి.

గుట్ట వాలంతా సీతాఫలం చెట్లే. ఎవరూ పెట్టినవి కావు, వాటంతట అవి మొలిచినవి. కాయ కన్ను తెరిస్తేనే కోయాలి, అంటే పైనున్న బుడిపెల మధ్య చారలు విచ్చుకుని తెల్లబడాలి. కన్ను తెరవని కాయ తెస్తే ఇంట్లో పండకుండా నల్లబడి రాయి అవుతుంది. అమ్మ దూరం నుంచే చూసి చెప్పేది, నేను కోసేదాన్ని. బాపు కోసినవి అమ్మ గంపలోంచి తీసి పక్కన పడేసేది. కొద్దిసేపటికి ఆయన కోయడం మానేసి కొమ్మలు వంచే పనికి దిగాడు.

గంప నిండి దిగుతుంటే చెలక రైతు దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. గంప వైపు చూశాడు. బాపు వైపు చూశాడు. ఇన్నాళ్లు ఆగినవాడు ఇంక ఆగలేకపోయాడు.

"ఏందన్న, చూసి చూసి ఏమనుకున్నవ్?"

బాపు అమ్మ నెత్తి మీది గంప దించమని నాకు చెప్పి, తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"తమ్మీ, నాకు షుగర్ వచ్చింది. డాక్టర్ నడువుమన్నడు. ఊళ్లె నడుస్తె అందరు అడుగుతున్నరని ఇటు వస్తున్న. నీ చెలక బాగుంది. గని నేను కొనెటోన్ని కాదు."

 రైతు సున్నం పూసిన హద్దురాయి వైపు ఒకసారి చూశాడు. తిట్టిపోస్తాడేమోనని నేను అమ్మ పక్కకు జరిగాను.

"నాకు గూడ ఉందన్నా. రెండేండ్లాయె," అన్నాడు చివరికి. "నన్ను గూడ నడువుమన్నరు. పొద్దంత చెలకల తిరుగుతున్న అంటె, అది పని, నడక కాదన్నరు."

మగ్గం తొక్కడం కూర్చోవడమైతే, చెలకలో తిరగడం పని ఎట్లా అయింది అని బాపు అడిగాడు. ఇద్దరూ అదే విషయం మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇద్దరికీ చెప్పింది ఒకే డాక్టర్ అని తేలింది. దాంతో స్నేహం కుదిరింది.

ఆ రైతుకు ఒక మూల కొంచెం పల్లికాయ ఉంది. పీకే సమయమే. కూర్చోండి అని, నాలుగు పిడికిళ్ల చెట్లు పీకి మట్టి దులిపాడు. ఎండు కంప పేర్చి, దాని మీద చెట్లను చెట్లలాగే వేసి మంట పెట్టాడు. ఆకు చిటపటమని కాలి, తర్వాత పొట్టు కాలిన వాసన వచ్చింది. మంట ఆరాక బూడిదలోంచి కాయలు ఏరుకుని, ఊదుకుంటూ తిన్నాం. సగం కాలి, సగం పచ్చిగా, లోపల పాలు పాలుగా ఉన్నాయి. అందరి మూతులూ నల్లబడ్డాయి. రైతు మూతి నల్లగా ఉందని బాపు చెప్పాడు. బాపు మూతి కూడా నల్లగా ఉందని రైతు చెప్పాడు. షుగర్‌కు పల్లికాయ తినవచ్చునా అని ఎవరూ అడగలేదు.

తెచ్చిన కాయలను అమ్మ ఇంట్లో గడ్డి పరిచి, మీద పాత చీర కప్పి పెట్టింది. ఎవరూ ముట్టుకోవద్దంది. అందరం ముట్టుకున్నాం. సీతాఫలం పండిందా లేదా తెలియాలంటే వేలితో నొక్కాల్సిందే. నేను పొద్దున నొక్కేదాన్ని, బాపు మధ్యాహ్నం నొక్కేవాడు, అమ్మ మమ్మల్ని తిట్టి తాను సాయంత్రం నొక్కేది. మొదటి రెండు రోజులు ఒక్కటీ మెత్తబడలేదు. మూడో రోజు పొద్దున ఇల్లంతా తీపి వాసన. చీర తీసి చూస్తే గంపెడు కాయలూ ఒకేసారి పండి ఉన్నాయి. సీతాఫలానికి ఆగడం తెలియదు, ఈ పూట తినకపోతే రేపటికి పులిసిపోతుంది.

ఇంకొకరికి ఇద్దామంటే, ఆ వారం ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఒక గంప ఉంది. పక్కింటికి నేను గిన్నెడు తీసుకుపోతే వాళ్లు గిన్నెడు తిరిగి ఇచ్చారు. ఇక మేమే కూర్చున్నాం. వాకిట్లో చాప వేసుకుని, పండు విప్పి, గుజ్జు నోట్లో తిప్పి, గింజలు పక్కకు ఉమ్ముతూ పొద్దంతా తిన్నాం. సీతాఫలం తింటూ మాట్లాడటం కుదరదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. బాపుకు అమ్మ అన్నింట్లోకీ చిన్నది ఏరి, అందులోనూ సగం ఇచ్చింది. ఆయన ఆ సగాన్ని మేము రెండు పండ్లు తినేంతసేపు తిన్నాడు. ప్రతి గింజనూ పూర్తిగా శుభ్రం చేశాక గానీ ఉమ్మలేదు. మిగతా సగం ఎవరికి అని అడిగాడు. నాకు అంది అమ్మ. తిన్నది కూడా.

మధ్యలో భూముల మనిషి బండి ఆపి వచ్చాడు. రైతు అతనికి అంతా చెప్పినట్టున్నాడు. జాగా మాట ఎత్తలేదు. చాప మీద కూర్చుని నాలుగు పండ్లు తిని, చెయ్యి కడుక్కుని, నిజంగా ఉత్తగనే నడిచినవా కాకా అన్నాడు. బాపు తల ఊపాడు. అతను నమ్మాడో లేదో తెలియదు గానీ, ఎందుకైనా మంచిదని ఫోన్ నంబరు ఇంకోసారి చెప్పి పోయాడు.

ఆ తర్వాత దీపావళి దాకా బాపూ రైతూ పొద్దున్నే కలిసి నడిచారు. బాపు చెలకదాకా నడిచేవాడు, రైతు అక్కడి నుంచి గుట్టదాకా తోడు వచ్చేవాడు. ఇద్దరి షుగరూ కొంచెం దిగింది. ఎవరిది ఎక్కువ దిగిందో అమ్మ నాకు ఫోన్లో చెప్పేది. ఎక్కువగా రైతుదే దిగేది. బాపు దానికి ఒక కారణం వెతికాడు గానీ దొరకలేదు.

ఆ దసరా సెలవులు అయిపోయి నేను నల్లగొండకు తిరిగి పోయే ముందు రోజు పొద్దున, అమ్మ, బాపు, నేను ముగ్గురం గుట్ట పైదాకా ఎక్కాం. పైన పెద్ద పరుపు బండ ఉంది. ఎండ తగిలి అప్పుడే వెచ్చబడుతోంది. అక్కడి నుంచి చెరువు, దాని కింది వరి మళ్లు, మోత్కూర్ రోడ్డు మీద పోయే బస్సు కనబడ్డాయి. మా ఇల్లు ఏదో గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. బాపు కండువా పరిచి, ఒక్క నిమిషం అని నడుం వాల్చాడు. వాల్చినవాడు నిద్రపోయాడు. లేపుదామా అంటే అమ్మ వద్దంది. ఆమె కాళ్లు చాపుకుని, చీర అంచుకు అంటిన గడ్డి గింజలు ఒక్కొక్కటే పీకుతూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఏమీ చేయలేదు.

బాపు లేచి చుట్టూ చూశాడు.

"పండుకున్ననా?"

"లేదు," అంది అమ్మ. "ఆలోచిస్తున్నవ్, గురక పెట్టుకుంట."

బాపు దాని గురించి కాసేపు ఆలోచించి, కావచ్చు అన్నాడు. ఎండ చురుక్కుమనే వేళకు ముగ్గురం గుట్ట దిగాం.