చింతబొగ్గుతో గీసిన నాయన ముఖం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కొట్టివేతలున్న కాగితాన్ని ఏనాడూ ఎవరికీ చూపలేదు. నలభయ్యో ఏట తిరుపతిలో కలంకారీ నేర్చుకోవడానికి చేరాను. అందులో ముందు గుడ్డ మీద చింతబొగ్గుతో బొమ్మ గీస్తారు. గుడ్డను దులిపితే ఆ గీత పోతుంది. తరువాత దాని మీద వెదురు కలంతో నల్లరంగు దిద్దుతారు. అది ఇక చెరగదు.

బంగారుపాళ్యంలో ఉండే నాయనను ప్రతి ఆదివారం వెళ్లి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయన ముఖం గీసేదాన్ని. సరిగా కుదరలేదని దులిపేసేదాన్ని.

“ఎట్లొస్తే అట్ల గీసెయ్యమ్మా, నాకేమన్నా పెండ్లిసూపులా?” అని నవ్వేవాడు.

తప్పు పడితే చెరగదన్న భయంతో నేను కలం ముట్టనేలేదు.

మామిడి కాపు ముగిసిన వారం గుండె ఆగి నాయన చనిపోయాడు. కర్మలయ్యాక గుడ్డ విప్పి చూశాను. అన్ని ఆదివారాలు ఆయన కూర్చున్నా, దాని మీద బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు.

తరువాతి తరగతిలో కలం అందుకుని, జ్ఞాపకం నుంచి గీశాను. దవడ గీత పక్కకు పోయింది.

“ఎవురమ్మా ఈయన?” అన్నారు గురువుగారు.

“మా నాయనండీ. పోలిక రాలేదు.”

నేను కన్నీళ్లు గుడ్డ మీద పడకుండా తుడుచుకుని, రెండో కన్ను గీయడం మొదలుపెట్టాను.