బుధవారం మేడమ్ అద్దం

మా బడి వంటగదిల ఉప్పు డబ్బా పక్కన ఒక చిన్న అద్దం ఉంటది. అరచెయ్యి అంత కూడ ఉండదు. అది మొహం చూసుకునేటందుకు కాదు, ఊపిరి చూసేటందుకు. దాన్ని నా చేతిల పెట్టిన మేడమ్ గురించి రాయాలని చాన రోజుల నుంచి అనుకుంటున్న. నేను ఐదో తరగతి దాకనే చదివిన, అది కూడ అటు భద్రాచలం దిక్కు. ఇంతకు ముందు ఏం రాయలే. జరిగింది జరిగినట్టే చెప్త.

నేను ఈ ఊరి సర్కారు బడిల పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుత. పెండ్లై బార్డర్ ఇవతలికొచ్చి ఇరవై ఏండ్లు దాటింది. మా ఇంట్ల తెలుగు, ఊర్ల ఆదివాసోళ్ళ దోర్లి, బడిల హిందీ. సంతకు పోతే మూడూ కలిపి మాట్లాడ్త.

మూడో తరగతిల ఒక ఆడపిల్ల ఉండె. పుట్టుకతోనే పై పెదవి చీలి ఉండె, లోపల అంగిలి కూడ చీలి ఉండె. చిన్నప్పుడే పెద్దాసుపత్రిల కుట్లేసిండ్రు. పెదవి మీద సన్న గీత తప్ప ఇప్పుడేం కనపడదు. కానీ మాట ముక్కుల నుంచి వస్తది. ఒకటో తరగతిల తోటి పిల్లలు ముక్కు పట్టుకొని ఆమె లెక్క మాట్లాడి నవ్విండ్రు. అప్పటి నుంచి బడిల నోరు తెరవలే. పప్పు ఇంకొంచెం కావాలన్నా పళ్ళెం ముందుకు జరుపుడే. అమ్మానాయన మిరపకాయ కోతకు ఆంధ్ర దిక్కు పోతే నెలల కొద్ది రారు. పిల్ల తాత దగ్గరుంటది. తాతతోని మాత్రం దినమంత ముచ్చట్లే. ఆమె ప్రతి మాట ఆయనకు అర్థమైతది.

మా బడి సారు గురూజీ చెడ్డోడు కాదు. పిల్ల ఏమడిగినా చెప్పదు, ఇట్ల ఎన్నేండ్లు అని బాధపడి, జిల్లా టౌన్ల ఇట్లాంటి పిల్లల హాస్టల్ ఉంది, అక్కడికి పంపుదామని ఫారం నింపి పెట్టిండు. మాట నేర్పే మేడమ్ సంతకం ఒక్కటే తక్కువ. ఆ సంగతి తెలిసిన రోజు తాత బడి మెట్ల మీద కూసొని, అది పోతే నాతోని ఎవరు మాట్లాడ్తరు అని నన్ను అడిగిండు.

ఆ మేడమ్ కొత్తగ వచ్చింది. బ్లాకుల చాన బడులకు ఆమె ఒక్కతే, మా వంతు బుధవారం. స్కూటీ వాగు అవతల పెట్టి, చెప్పులు చేతిల పట్టుకొని నడిచి వస్తది. డాక్టరమ్మవా, టీచరమ్మవా అని అడిగితే రెండూ కాదన్నది. మాట రాని పిల్లలను, మాట తడబడే పిల్లలను చక్కబెట్టేటందుకు వేరే చదువుందంట, అది చదివిందంట. పెరిగింది బచేలిల, ఇనుప గనుల టౌన్ల. వాళ్ళ నాయనది రైల్వే పని, విజయనగరం దిక్కు నుంచి వచ్చినోళ్ళు. నన్ను అప్పా అని పిలుస్తది, వాళ్ళల్ల అక్కను అట్లనే అంటరంట. నేను ఏంది అంటే ఆమె ఏటి అంటది. ఇద్దరం నవ్వుకుంటం.

మొదటి బుధవారం ఆ పిల్లకు బొమ్మల కార్డులు చూపించింది. ఓడ, ద్రాక్షపండ్లు, అట్లాంటివి. పిల్ల నేల దిక్కే చూసింది. మేడమ్ కార్డులు సంచిల వేసుకొని అద్దం తీసింది. తన ముక్కు కింద పెట్టుకొని "మా" అన్నది, అద్దం మసకైంది. తుడిచి "పా" అన్నది, అద్దం తేటగ ఉంది. మ అంటే గాలి ముక్కుల నుంచి వస్తది, ప అంటే నోట్ల నుంచే రావాలంట. పిల్ల తల ఎత్తి చూసింది. అంతే, అంతకంటే ఏం కాలే. కానీ నేను ఒకటి గమనించిన. మేడమ్ ఒక్కసారి కూడ చెప్పు, చెప్పు అనలే. అడుగుతది, ఊరుకుంటది. అట్ల ఊరుకునుడు ఎంత కష్టమో నాకు తర్వాత తెలిసింది.

గురూజీ ఫారం ముందర పెట్టిండు. మేడమ్ నాలుగు బుధవారాలు టైం అడిగింది. ఆయనకు హిందీల చెప్పిన మాటనే వంటగదిలకు వచ్చి నాకు తెలుగుల చెప్పింది.

"కుట్లు బాగానే ఉన్నాయి అప్పా. గాలి దారి తప్పి ముక్కులోకి పోతంది, అంతే. బుర్రకేటీ కాలేదు."

ఆ బొమ్మలు మా పిల్లలు చూసినవి కావు మేడమ్, చేతితోని పట్టుకునేటివి తెమ్మని నేనే సలహా ఇచ్చిన.

రెండో బుధవారం ఆమె పచ్చి మామిడికాయలు తెచ్చింది, టౌన్ల అప్పుడప్పుడే వస్తున్నయి. చాకుతోని ముక్కలు కోసి, నా దగ్గర ఉప్పు కారం తీసుకొని, ఆకుల పెట్టి పిల్ల ముందర పెట్టింది. ఇదేటో చెప్పి తిందామా అన్నది. నాకే నోట్ల నీళ్ళూరినయి. పిల్ల రెండు చేతులతోని నోరు మూసుకుంది. నా దిక్కు ఒక్కసారి చూసింది. లేచి, పుస్తకాల సంచి కూడ వదిలేసి ఇంటికి ఉరికింది.

గురూజీ నిట్టూర్చిండు. నేను గిన్నెలు తోముకుంట తోముకుంట ఆగిపోయిన. ఊర్ల మామిడి పండుగ కాలే. ఇక్కడి దోర్లోళ్ళు ఆ పండుగ చేసి, పోయిన పెద్దలకు కొత్త కాయ పెట్టేదాక మామిడి ముట్టరు. మా ఇంట్ల దొరికిననాడే తొక్కు నూరుకుంటం, అందుకే నాకు యాదికి రాలే. ఇరవై ఏండ్లు వాళ్ళ నడుమ ఉండి ఉప్పు కారం నా చేతితోనే ఇచ్చిన. మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పిన. ముందే ఎందుకు చెప్పలేదని తిడ్తదనుకున్న. ఆమె ఆకు మడిచి పక్కన పెట్టి, వాళ్ళ ఇల్లు ఎటు అని అడిగింది.

ఇద్దరం పోయేసరికి తాత చూరు కింద వెదురు చీలుస్తున్నడు. ఎప్పుడు పోయినా మంచం వాల్చే మనిషి, ఆ రోజు కూసోమనలే. మేడమ్ నేల మీద కూసుంది.

"మీ చదువుల మామిడికి పండుగ లేదా?" అన్నడు తెలుగుల, తల ఎత్తకుంట.

"లేదు తాతా. తెలీక చేసినాను. నీ మనవరాలు నాకంటే బాగా నడుచుకుంది."

తాత ఇంకో రెండు బద్దలు చీల్చిండు.

"అది మాట్లాడ్తదా?"

"మాటాడతాది. రోజూ కొంచెం కొంచెం నేర్పాల. కానీ నీ దగ్గరుంటేనే. అది మాటాడేది నీతోనే కదా."

పిల్ల తలుపు చాటు నుంచి వింటున్నది, నాకు పావడ అంచు కనపడ్డది. తాత లేచి మంచం వాల్చిండు. వచ్చే ఆదివారం పండుగ, రమ్మన్నడు.

ఆదివారం సెలవైనా మేడమ్ వచ్చింది. గురూజీ కూడ వచ్చిండు. పెద్దమనుషులు పూజ చేసి, పోయినోళ్ళకు పెట్టి, తర్వాత డొప్పల్ల మామిడి ముక్కలు అందరికి పంచిండ్రు. మేడమ్ డొప్ప పట్టుకొని తినకుంట నిలబడ్డది. బయటోళ్ళు తినొచ్చో లేదో నాకూ సరిగ తెలవదు, ఈసారి తెలవకుంట చెప్పబుద్ధి కాలే. పిల్ల తాత పక్కన నిలబడి చూస్తున్నది. కొంచెంసేపటికి నడుచుకుంట వచ్చి మేడమ్ ముందర నిలబడ్డది.

"పండుగైంది," అన్నది. "తిను."

మాట ముక్కుల నుంచే వచ్చింది, ప కొంచెం మ లెక్కనే వినపడ్డది. వెనక ఎవరో పిల్లగాడు కిసుక్కున నవ్విండు. ఆమె నోరు మూసుకోలే. మేడమ్ ముక్క నోట్ల వేసుకుంది. పులుపుకు ఒక కన్ను మూతపడ్డది. అది చూసి పిల్ల నవ్వింది. గురూజీ నా పక్కనే ఉండె, అంతా విన్నడు.

నాలుగో బుధవారం దాక ఆగలే, మూడో దానికే మేడమ్ ఫారం వెనక రాసింది. గురూజీ నాకు చదివి చెప్పిండు. పిల్లకు తెలివి బాగుంది, దోర్లి, తెలుగు, హిందీ మూడూ అర్థమైతయి, తాత దగ్గరనే ఉండి ఈ బడిలనే చదవాలె, మాట నేర్పుడు ఇక్కడనే జరుగుతది అని. సగం పేజీ కూడ లేదు. తాతకు నేనే పోయి చెప్పిన. ఆయన ఒక కొత్త చాట తెచ్చి నా చేతిల పెట్టిండు.

వారానికి ఒక్కరోజు సరిపోదని, మిగతా రోజులు నన్ను చూడమన్నది మేడమ్. ఐదో తరగతి మనిషిని, నాతోని ఏమైతదని భయపడ్డ.

"అన్నం ఉడికిందో లేదో ఆవిరి చూసి చెప్తావు కదప్పా. ఇదీ ఆవిరే," అని అద్దం నా చేతిల పెట్టింది.

అప్పటి నుంచి రోజూ పళ్ళేలు కడిగినంక పిల్ల వంటగదిలకు వస్తది. ముక్కు కింద అద్దం, పెదవుల ముందర సన్న కాయితం ముక్క. ప అంటే కాయితం కదలాలె, అద్దం తేటగ ఉండాలె. చెప్పు, చెప్పు అనబుద్ధైతది. మేడమ్‌ను తలుచుకొని ఊరుకుంట.

ఎండాకాలం సెలవులకు వారం ముందు, అన్నం పెట్టే వరుసల ఆ పిల్ల వంతు వచ్చింది. పళ్ళెం ముందుకు జరపలే. చెయ్యి చాపి ఉప్పు డబ్బా పక్కన అద్దం తీసి, తన ముక్కు కింద తనే పెట్టుకుంది.

"పప్పు," అన్నది. "ఇంకొంచెం."

నేను వంగి అద్దం చూసిన. సగం మసక, సగం తేట. మేడమ్‌కు చూపిద్దామంటే బుధవారం దాక మసక నిలవదు కదా. ఒక గరిటె ఎక్కువేసిన.