భాగ్యమ్మ బయోడేటా

పని చేతనైతే పని దొరికే రోజులు పోయాయి. ఇప్పుడు అంట్లు తోమే మనిషి కూడా తన గురించి తాను నాలుగు మంచి ముక్కలు రాయించుకుని, ఫోటో పెట్టి, ఫోన్లో కూర్చోవాలి. పెళ్లిచూపులైతే ఒక్క పూట తల వంచుకుంటే అయిపోతుంది. ఈ చూపులకు అంతు లేదు. ఎవరెవరో వేలితో పైకి తోసుకుంటూ పోతారు, నచ్చితే ఆగుతారు.

భాగ్యమ్మకు ఆ గతి యాభై దాటాక పట్టింది.

ఆమెది తుంగతుర్తి దగ్గరి పల్లె. పెనిమిటి పాపయ్య మిర్యాలగూడలో బ్రహ్మయ్య షావుకారు రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. అతని వెంట వచ్చి, మిల్లు వెనక రేకుల గదిలో కాపురం పెట్టి, ఆమె షావుకారింట్లో పనికి కుదిరింది. కొన్నేళ్లకు పాపయ్య దగ్గి దగ్గి పోయాడు. ఆమె మాత్రం ఆ ఇంటినే పట్టుకుని ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయింది. షావుకారు కొడుకు కార్తీక్‌కు చిన్నతనంలో నీళ్లు పోసింది. షావుకారు తల్లి మంచాన పడితే, పోయేదాకా ఆమె ఒళ్లు తుడిచింది, గుడ్డలు మార్చింది, పియ్యెత్తింది. కన్న కూతుళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి పోయేవారు. షావుకారమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది, మా సక్కు పనిమనిషి కాదు, మా ఇంటి మనిషి అని.

అవును, సక్కు. తిరకాసంతా అక్కడే ఉంది.

పనిలో చేరిన మొదటి రోజు పేరడిగితే ఆమె భాగ్యమ్మ అని చెప్పింది. షావుకారమ్మ పేరు భాగ్యవతి. ఇంటా మిల్లులోనూ అందరూ ఆమెను భాగ్యమ్మగారనే పిలుస్తారు. అప్పటికి ఇంకా గట్టిగా తిరుగుతున్న అత్తగారు ఆ మాట విని నొసలు ముడిచింది. ఇంటి ఇల్లాలి పేరు పెట్టి పనిమనిషిని కేకేస్తే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా అంది. ఆ పేరు పెట్టి తిట్టేదెట్లా, అంట్ల కాడికి రమ్మనేదెట్లా అంది. ఇది చాలా ఇళ్లలో ఉన్న ఆచారమే. అత్త పేరే కోడలికీ ఉంటే కోడలి పేరు కూడా మారుస్తారు, కాకపోతే మంచిరోజు చూసి, ముచ్చటపడి మారుస్తారు. పనిమనిషికి అంత తంతు ఎవరు చేస్తారు? ఈమెకన్నా ముందు అక్కడ పనిచేసి మానేసిన ఆమె పేరు సక్కుబాయి. ఇంట్లో అందరి నోళ్లకూ అలవాటైన పేరు. పాత చీపురు చేతికిచ్చినట్టే ఆ పేరు కూడా ఇచ్చేశారు. ఇల్లు గడవని బాధలో ఉన్న మనిషికి పేరు గురించి పోట్లాడే తీరిక లేకపోయింది. పిలిస్తే పలికింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు పెద్దలు. ముసలామె పోయింది. కార్తీక్ పెళ్లాం మాధవి గిన్నెలు తోమే మిషను తెచ్చుకుంది. మిల్లు పెంచుతున్నామని రేకుల గది కూలగొట్టారు. ఇంటి మనిషిని ఒక పొద్దున ఇంటి నుంచి పంపించేశారు.

భాగ్యమ్మ సూర్యాపేటలో ఉన్న చెల్లెలింటికి చేరింది. అదో కిరాయి ఇల్లు, ఒకటే గది, ముందు చిన్న వరండా. మరిది సైదయ్య నోరు తెరిచి ఏమీ అనేవాడు కాదు. ఇంటికి వచ్చినప్పుడల్లా వరండాలో ఉన్న ఆమె మూట వంక చూసి, చెప్పులు గట్టిగా విసిరి విడిచేవాడు. ఆ చప్పుడుకు ఆమె అన్నం సగంలో లేచేది. అందుకే ఆమెకు పని ఒక్కటే దొరికితే చాలదు, తల దాచుకునే చోటు కూడా దొరకాలి.

చెల్లెలి కూతురు లత బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. కోదాడలో ధర్మేందర్ అనే అతను ఇంటిపనికి మనుషుల్ని కుదిర్చే ఆఫీసు నడుపుతున్నాడని ఆ అమ్మాయే కనిపెట్టింది. అక్కడ కళ్యాణి అనే టీచరు మంచాన ఉన్న అత్తగారిని చూసుకోవడానికి మనిషి కోసం వెతుకుతోంది. ఉండడానికి గది కూడా ఇస్తుందట. ముందు బయోడేటా పెట్టాలి.

పెద్దమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకేం మంచిగ వస్తదో చెప్పు అని లత అడిగింది. భాగ్యమ్మ చాలాసేపు ఆలోచించి, పిలిస్తే పలుకుతానంది. లత నవ్వి, చురుకైన మనిషి అని టైపు కొట్టింది. మిగిలిన అన్నం పెట్టినా తిన్న, ఏనాడూ వంక పెట్టలేదు అంది. సర్దుకుపోయే స్వభావం అయింది. బీరువా తెరిచి ఉన్నా అటు చూడలేదంటే నిజాయితీ అయింది. ముసలామెకు పియ్యెత్తిన సంగతి చెబితే, వృద్ధుల సంరక్షణలో సుదీర్ఘ అనుభవం అయి కూర్చుంది. కూటి కోసం కోటి విద్యలంటారు, అందులో ఈ విద్య కొత్తది. లత అంతా చదివి వినిపించింది.

"గీ మనిషెవలో గాని మంచిగున్నది బిడ్డా," అంది భాగ్యమ్మ.

పేరు ఆధార్‌లో ఉన్నట్టే భాగ్యమ్మ అని రాసింది లత. మీ గురించి ఎవరు చెబుతారు అన్నచోట మిర్యాలగూడ షావుకారమ్మ ఫోన్ నంబరు పెట్టింది. అక్కడ ఆమెకు ఇంకో పేరుందన్న సంగతి పెద్దమ్మ చెప్పలేదు, లతకు తెలియదు. దాచాలని కాదు. అది చెప్పుకోవలసిన సంగతని భాగ్యమ్మకు తట్టనే లేదు.

కళ్యాణికి బయోడేటా నచ్చింది. ఫోన్లో గది కూడా చూపించింది. మెట్ల కింద చిన్న గది, ఒక కిటికీ. "మా అత్తయ్యగారికి కోపం ఎక్కువండి, మీరే కాస్త సర్దుకోవాలి," అంది. మర్యాదగా మాట్లాడిన ఆ మాటకే భాగ్యమ్మ కరిగిపోయింది. ఆ సాయంత్రం చెల్లెలితో మూడుసార్లు చెప్పింది, గదికి కిటికీ ఉందని. మూట విప్పి, చీరలు ఉతికి, మడతపెట్టి సంచిలో సర్దుకుంది.

ధర్మేందర్ పద్ధతి ప్రకారం మిర్యాలగూడకు ఫోన్ చేశాడు. మీ ఇంట్లో భాగ్యమ్మ ఇరవై ఏళ్లు అంట్లు తోమి, బట్టలుతికిందట, నిజమేనా మేడం అని అడిగాడు. అవతల ఉన్నది సాక్షాత్తూ భాగ్యమ్మగారు. ఎవడో తనను ఎగతాళి చేస్తున్నాడనుకుంది. ఆ పేరుగల పనిమనిషి తమ ఇంట్లో ఏనాడూ లేదని, మళ్లీ ఫోన్ చేస్తే బాగుండదని కసిరి పెట్టేసింది. దొంగ అనుభవం రాశారని ధర్మేందర్ లతను నిలదీశాడు. అప్పుడు బయటపడింది సక్కుబాయి సంగతి.

ధర్మేందర్ చెడ్డవాడేం కాదు. ముసలామెను అప్పగించే పని కాబట్టి భయపడ్డాడు. సాయంత్రం దాకా కళ్యాణిని ఆపుతానన్నాడు. సక్కుబాయి, భాగ్యమ్మ ఒక్కరేనని ఆ మేడంతో ఒక్కమాట చెప్పిస్తే చాలన్నాడు.

భాగ్యమ్మ మిర్యాలగూడ బస్సెక్కింది. షావుకారింటికి ముందు గేటుంది, అయినా కాళ్లు అలవాటుగా వెనక గుమ్మానికే తీసుకుపోయాయి. షావుకారమ్మ ఆమెను చూసి నిజంగానే సంబరపడింది. ఎంత చిక్కిపోయినవే సక్కూ అంది. నల్లా గట్టు మీద ఆమె పాత స్టీలు గ్లాసు, అంచు సొట్టపోయింది, ఇంకా అక్కడే బోర్లించి ఉంది. అందులోనే చాయ్ పోసింది. భాగ్యమ్మ సంగతంతా చెప్పుకుంది. సక్కుబాయని చెబితే అప్పుడే చెప్పకపోదునా అని షావుకారమ్మ నొచ్చుకుని, వెంటనే ఫోన్ అందుకుంది. ధర్మేందర్‌కు కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

పొగడటం మొదలుపెడితే ఆగలేదు. మా సక్కు బంగారం అంది. మా అత్తగారిని కన్నబిడ్డ కన్నా ఎక్కువ చూసుకుందంది. భాగ్యమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. లత రాసిన బయోడేటా నిజమేనని ఆమెకు మొదటిసారి అనిపించింది. కిటికీ ఉన్న ఆ గది తనదైపోయినట్టే అనుకుంది.

"మంచిది మేడం. ఆమె అసలు పేరు భాగ్యమ్మనే కదా? అదొక్కటి చెప్పుండ్రి, సాలు," అన్నాడు ధర్మేందర్.

అప్పుడే లోపలి గుమ్మంలోకి వచ్చిన కోడలు మాధవి ఆగిపోయింది. "అదేంటి అత్తయ్యా, మన సక్కుది మీ పేరేనా?" అని నవ్వింది. చెడు ఉద్దేశంతో నవ్వలేదు. కానీ నవ్వింది.

షావుకారమ్మ మొహం మాడిపోయింది. కోడలి వంక చూసింది, ఫోన్ వంక చూసింది. నల్లా దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి వంక మాత్రం చూడలేదు.

"ఆ సంగతి నాకు తెల్వదు బాబూ. మా ఇంట్ల పనిచేసింది సక్కుబాయి. భాగ్యమ్మంటే ఈ ఇంట్ల నేనొక్కదాన్నే," అని ఫోన్ పెట్టేసింది.

"మొదటి దినం మీ ముంగటనే చెప్పిన గదమ్మా నా పేరు," అంది భాగ్యమ్మ.

పేరుదేముందే, సక్కుబాయనే రాయించుకో, ఎన్నిసార్లు అడిగినా చెబుతానంది షావుకారమ్మ. మాట మెత్తగానే ఉంది. ఇరవై ఏళ్లుగా ఎన్నో మింగిన భాగ్యమ్మకు ఈ మాట మాత్రం గొంతు దిగలేదు. అత్తగారి మలమూత్రాలు ఎత్తించుకున్నప్పుడు అడ్డం రాని మైల, పేరు దగ్గర అడ్డమొచ్చింది. ఆ మాట అనేద్దామనుకుంది, నోరు రాలేదు. చేతులు మాత్రం వాటంతటవే గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించాయి. సందు మలుపు తిరిగాక ఆ చేతుల మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది.

బస్టాండులో ఉండగా లత ఫోన్ చేసింది. కళ్యాణి వేరే మనిషిని మాట్లాడుకుంది. లత ఏడుపు ఆపుకుంటూ ఇంకో దారి చెప్పింది. సక్కుబాయి పేరుతోనే కొత్త బయోడేటా పెడదాం, ఆధార్ అడగని ఇళ్లూ ఉంటాయి, షావుకారమ్మ ఎట్లాగూ మంచిగా చెబుతానంటోంది కదా అంది. సైదయ్య చెప్పుల చప్పుడు భాగ్యమ్మ చెవుల్లో మోగింది.

"వద్దు బిడ్డా. నా పేరే రాయి. అనుభవం అన్నకాడ ఏం లేదని రాయి," అంది.

"ఇరవై ఏండ్లు చేస్తివి గద పెద్దమ్మా?"

"అవి సక్కుబాయివి."

లత ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆ పిల్ల అట్లాగే రాసింది. ఆ బయోడేటా ఇప్పటికీ ఫోన్లో ఉంది. యాభై దాటిన మనిషి ఇన్నేళ్లూ ఏ పనీ చేయకుండా ఎట్లా బతికిందో అనుకుంటూ, చూసినవాళ్లు వేలితో పైకి తోసేసి పోతున్నారు.